గొంతు తూకం

“కాస్త గొంతు తగ్గించు మేవిస్. ఇది ఇల్లు, బజారు కాదు.”

ఆదివారం మధ్యాహ్నం. బల్ల మీద మాంసం, దుంపలు, కాబేజీ సర్ది, గ్రేవీ ఎవరికైనా ఇంకా కావాలా అని మేవిస్ అడిగింది. అంతే. దానికి ఆమె భర్త క్లిఫర్డ్ ఓర్మరాడ్ ఇచ్చిన జవాబు అది. కోపంగా అన్నది కాదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఉప్పుసీసాలాగా బల్ల మీద ఒక చోటు సంపాదించుకుంది. చెయ్యి దానంతటదే దాని మీదికి పోతుంది. మేవిస్‌కు నోరెక్కువన్నది రాటెన్‌క్లఫ్ ఊరంతా ఒప్పుకున్న సంగతి. సంతలో ఆమెది పింగాణీ కొట్టు, తండ్రి నుంచి వచ్చింది. పళ్ళేల దొంతరను చేతి మీద చేపపొలుసుల్లా పరిచి, ఒక్కసారి గాలిలోకి ఎగరేసి, ఒక్కటీ పగలకుండా పట్టుకుని, ఆ గలగలను మించి ధర పలకాలంటే గొంతు ఉండాల్సిందే. ఈ ఇంట్లో కార్పెట్ నుంచి కర్టెన్ల దాకా సగం ఆ గొంతు తెచ్చినవే. ఆ సంగతి మాత్రం భోజనాల బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు.

“ముందు నీ గొంతే కొలుచుకో ఆ డబ్బాతో,” అన్నాడు క్లిఫర్డ్, దుంప చిదుపుకుంటూ. “నీ గాలి కాలేజీ పంతుళ్ళు అదిరిపోతారు.”

ఆ డబ్బా గోడ పక్క అలమర మీద ఉంది. అరచేతికి కాస్త పెద్దది, ఒక వైపు చిన్న మైకు, మధ్యలో గాజు కింద ఒక సూది. చప్పుడు ఎంతుందో కొలిచి డెసిబెల్లలో చెప్పే మీటరు. ఇంట్లో కూర్చుని చదువుకునే ఆ కొత్త విశ్వవిద్యాలయం వాళ్ళు పాఠాలతో పాటు పంపిన పరికరాల పెట్టెలోనిది. పాఠాలు కొన్ని పోస్టులో వస్తాయి, కొన్ని ఆదివారం పొద్దున్నే టీవీలో వస్తాయి. వెడల్పాటి టై కట్టుకున్న గడ్డపాయన నల్లబల్ల ముందు నిలబడి వంతెనల గురించి చెబుతుంటే మేవిస్ బేకన్ వేయిస్తూ వింటుంది. ఆ విశ్వవిద్యాలయం పుట్టకముందు, పాఠాలు గాలిలో తేలి వస్తాయి కదా అని పేపర్లవాళ్ళు దాన్ని గాలిలో విశ్వవిద్యాలయం అన్నారట. క్లిఫర్డ్ నోట్లో అది గాలి కాలేజీ అయింది.

సాహిత్యం కాకుండా సాంకేతిక శాస్త్రం ఎందుకు తీసుకున్నావని అందరూ అడిగారు. మేవిస్ అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. మిగతా చదువులకు కాగితాలే వస్తాయి. దీనికి కాగితాలతో పాటు ఒక పెట్టె వస్తుంది. డబ్బు కట్టినప్పుడు చేతికి సరుకు రావాలన్నది ఆమె తండ్రి నేర్పిన మొదటి పాఠం.

ఈ నెల పాఠం చప్పుడు గురించి. ఇంట్లో, వీధిలో, పనిచేసే చోట చప్పుడు కొలిచి పటం గీసి పంపాలి. మొగుడు చెప్పినట్టే చేద్దామని మీటరు తెచ్చి బల్ల మధ్య ఆవాల సీసా పక్కన పెట్టింది. పదిహేనేళ్ళ కూతురు జానిస్ సూది చదివే పని తీసుకుంది. క్లిఫర్డ్ గొంతు సవరించుకుంటే సూది సగం దాకా లేచింది. ఫుట్‌బాల్ గురించి రెండు మాటలు అన్నాడు, ఇంకొంచెం లేచింది. అత్తగారు హెస్టర్‌కు చెవుడు. చెవిటివాళ్ళ అలవాటు చొప్పున ఆవిడ కాబేజీ ఉప్పగా ఉందని గదంతా మోగేలా చెప్పింది, సూది క్లిఫర్డ్‌ను దాటిపోయింది. పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తే దానికీ ఒక అంకె వచ్చింది.

“ఇప్పుడు నువ్వు చెప్పమ్మా,” అంది జానిస్.

“ఏం చెప్పనే? తీపి పుడ్డింగు ఇప్పుడు తీసుకురానా, ఆగి తేనా?”

జానిస్ మీటరు మీదికి వంగింది. వేలితో గాజు తట్టింది. “ఇంకోసారి చెప్పు.”

“పుడ్డింగు తేనా?”

“సూది కదల్లేదమ్మా. కొస నుంచి లేవనే లేదు.”

“పాడైపోయుంటుంది,” అన్నాడు క్లిఫర్డ్. “ప్రభుత్వం సరుకు అంతే.”

* * *

సరుకు చెడ్డదని ఫిర్యాదు చేసే ముందు రెండు చోట్ల పరీక్షించాలి. మంగళవారం సంత రోజు మేవిస్ మీటరును ఒక టీ కుండ మీద నిలబెట్టింది.

“ఏమిటే ఆ డబ్బా, పోలీసులు పెట్టించారా నీ కోసం?” అన్నాడు పక్క కొట్టులో జున్ను అమ్మే ముసలాయన.

“నువ్వు తూకంలో ఎంత కొడుతున్నావో ఇది చెబుతుంది తాతా. జాగ్రత్త.”

ఆ తర్వాత బల్ల మీదికి ఎక్కింది. పళ్ళేలు చేతి మీద పరుచుకుంది.

“రండి తల్లీ రండి. మహారాణి ఇంట్లో ఇలాంటివే ఉన్నాయని నేను చెప్పను, ఆవిడ నాకు చూపించలేదు. మీ ఆయన విసిరినా పగలని పళ్ళెం ఇది. మీరు విసిరితే మాత్రం నాది పూచీ కాదు. ఏమ్మా ఆకుపచ్చ కోటు, అలా దూరంగా నిలబడి చూస్తే పళ్ళేలు నీ ఇంటికి నడిచి రావు.”

పళ్ళేలు లేచాయి, గలగలమన్నాయి, చేతిలో పడ్డాయి. జనం నవ్వారు. ఆకుపచ్చ కోటావిడ ముందుకొచ్చింది. మేవిస్ కిందికి దిగి చూస్తే సూది ఇంకా ఊగుతోంది. మధ్య గీత దాటి, ఎర్ర గీత అంచుదాకా పోయి వచ్చిందట. జున్ను తాత సాక్ష్యం చెప్పాడు.

మీటరు బాగానే ఉంది. అయితే పాడైందేమిటి?

ఆ పూట గిరాకీ తగ్గాక మేవిస్ కొత్త సరుకు విప్పుతూ కూర్చుంది. గడ్డిలోంచి ఒక్కో కప్పు తీసి వేలి కణుపుతో తట్టి చూడటం పని. మంచి కప్పు ఖంగుమంటుంది. పగులున్నది కంటికి ఎంత నిండుగా ఉన్నా మొద్దుగా మోగుతుంది. తడుతూ తడుతూ తన కాపురాన్ని కూడా ఒకసారి తట్టి చూసుకుంది. ఎప్పుడు తగ్గింది గొంతు? పెళ్ళైన కొత్తలో మెట్ల మీద ఏదో తలుచుకుని పకపకా నవ్వితే, గోడ పలచన, పక్కింటివాళ్ళు వింటారని క్లిఫర్డ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ముద్దుగానే పెట్టాడు. తనూ మెత్తబడింది. పేపరు దించకుండానే మామగారు, ఓర్మరాడ్‌ల ఇంట్లో ఆడవాళ్ళ గొంతు గుమ్మం దాటదమ్మా అన్నారు. పెద్దాయన కదా అని ఇంకొంచెం తగ్గింది. తర్వాత ఉయ్యాల్లో జానిస్ లేస్తుందని తగ్గింది. క్లిఫర్డ్ బస్సు కంపెనీలో ఇన్‌స్పెక్టరయ్యాక, రోజంతా డ్రైవర్ల రొద విని వచ్చాను, ఇంట్లోనైనా చెవులకు సుఖం ఉండనీ అంటే తగ్గింది. అతని పైఅధికారి టీకి వచ్చిన రోజు, ఇవాళ ఒక్కరోజుకీ కాస్త, అంటే ఆ ఒక్కరోజుకీ తగ్గింది. ఆ రోజు పోయింది, తగ్గింది మాత్రం మళ్ళీ పెరగలేదు. కొనేవాడు వెళ్ళిపోతాడేమోనన్న భయంతో అడిగినప్పుడల్లా పిసరంత ధర తగ్గించే కొత్త వ్యాపారి చివరికి లెక్క చూసుకుంటే అసలు కంటే తక్కువకు అమ్ముతూ ఉంటాడు. సరిగ్గా అలాగే అయింది. పైగా కొన్నవాడు ఇప్పటికీ ఖరీదెక్కువనే అంటున్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మేవిస్ రచ్చ ఎప్పుడో గెలిచింది. ఇంట్లో మాత్రం కెటిల్ కంటే కింద ఉంది. ఆ మాట తనకు తనే చెప్పుకుని ముందు ఉలిక్కిపడింది, ఆ తర్వాత గట్టిగా నవ్వింది. సంత కదా, ఎవరూ తగ్గించమనలేదు.

* * *

జూన్ మొదట్లో అత్తగారు మంచం కింద నుంచి పెట్టె లాగింది. వేక్స్ సెలవుల పెట్టె. ఆ వారం ఊళ్ళో మిల్లు, కొట్లు అన్నీ ఒకేసారి మూసేస్తారు, రొట్టెల కొట్టు కూడా తియ్యరు, ఊరికి ఊరే రైలెక్కి సముద్రం ఒడ్డునున్న బ్లాక్‌పూల్ పోతుంది. ఓర్మరాడ్‌లు ఏటా అదే వీధిలో అవే రెండు గదులు తీసుకుంటారు. గదుల్లో ఒక మూల పొయ్యి, సింకు ఉంటాయి. ఎవరి వంట వాళ్ళు చేసుకోవాలి. మగవాళ్ళకు, పిల్లలకు అది సముద్రం. మేవిస్‌కు సింకు మారడం. అక్కడి సింకు కిటికీలోంచి చెత్తడబ్బాలు కనిపిస్తాయి.

“ఈసారి జూలై రెండో వారం కదా,” అన్నాడు క్లిఫర్డ్, పెట్టె దుమ్ము తుడుస్తూ.

మేవిస్ చేతిలోని గరిట ఆగిపోయింది. “రెండో వారమా? మొదటి వారం కాదూ?”

“మొదటిది మీ థోర్న్‌షా వాళ్ళది. మనది రెండోది.”

థోర్న్‌షా ఆమె పుట్టిన ఊరు, కొండకు ఇటువైపే, రెండు మైళ్ళు. ఒక్కో ఊరిది ఒక్కో వారం, పైగా ఏటా తేదీలు జరుగుతుంటాయి. ఇన్నేళ్ళయినా మేవిస్ లెక్క పుట్టింటి సెలవుల దగ్గరే మొదలవుతుంది. అందుకే చలికాలంలో వేసవి తరగతులకు వారం ఎంచుకోమని విశ్వవిద్యాలయం రాసినప్పుడు ఆమె తనను తాను నమ్ముకోకుండా అత్తగారిని అడిగింది. హెస్టర్ అప్పుడు కిటికీ దగ్గర కూర్చుని అల్లుతోంది. మేవిస్ ఎదురుగా వెళ్ళి నిలబడి, మన ఊరి సెలవులు ఈసారి ఎప్పుడత్తయ్యా అని విడమరిచి అడిగింది. ఆవిడ కోడలి పెదవుల వంక చూసింది, సింకులో పేరుకున్న గిన్నెల వంక చూసింది, మళ్ళీ అల్లికలోకి వంగి, జూలై మొదటి వారం అంది. మేవిస్ నిశ్చింతగా రెండో వారం రాసి పంపింది.

ఆ వేసవి తరగతులు సరదాకి కాదు. కొండకు అవతల, ఈ ఊరివాళ్ళకు తరతరాలుగా పడని యార్క్‌షైర్‌లో ఒక యూనివర్సిటీ హాస్టల్లో వారం ఉండి, ప్రయోగశాలలో పనిచేయాలి. వెళ్ళకపోతే ఏడాది చదువు లెక్కలోకి రాదు. మార్చుకోవడానికి మిగతా వారాలన్నీ నిండిపోయాయని ఫోనులో చెప్పారు.

“అమ్మను అడిగావా?” క్లిఫర్డ్ నవ్వాడు. “అమ్మను? ఆవిడకు ఉరుము వినపడదు. మీ ఊరి సంగతి అడిగావనుకుని ఉంటుంది.” తల్లి వైపు తిరిగి గొంతు పెంచాడు. “అమ్మా, నువ్వు మేవిస్‌కు థోర్న్‌షా తారీఖు చెప్పావట.”

“నా చెవులదే తప్పురా,” అంది హెస్టర్ వెంటనే. “ముసలి చెవులు. ఏం వింటాయో ఏం చెబుతానో.” ఆ తర్వాత పెట్టెలో ఈత టోపీలు సర్దుతూ, “ఓర్మరాడ్‌లు విడివిడిగా వేక్స్‌కు పోయింది మాత్రం ఎప్పుడూ లేదు,” అంది, గదంతా వినపడేలా.

“విన్నావుగా,” అన్నాడు క్లిఫర్డ్. “రాసెయ్. వచ్చే ఏడాది వస్తానను. గాలి కాలేజీ గాలికి ఎగిరిపోదులే. అయినా నువ్వు లేకపోతే వారం రోజులు మాకు వండిపెట్టేదెవరు?”

మేవిస్ ఏదో అంది. అలమర మీద సూది లేవలేదు.

రాయలేదు. రాస్తానని ఒకసారి, రేపు రాస్తానని ఒకసారి అంది. అటు చదువు, ఇటు వారం. త్రాసు రెండు పళ్ళేలనూ చూస్తూనే ఉంది. అటు పళ్ళెంలో శీతాకాలం నుంచి పొద్దున్నే లేచి చదివిన పాఠాలున్నాయి, ట్యూటరు ఎర్ర సిరాతో ‘చాలా బాగుంది, ఇంకా చెప్పండి’ అని రాసి పంపిన జవాబులున్నాయి. ఇంకా చెప్పండి. ఆ మాట తనతో ఎవరైనా అని ఎంత కాలమైంది? ఇటు పళ్ళెంలో ఉన్నదల్లా చెత్తడబ్బాలు కనిపించే ఒక సింకు. అయినా ముల్లు ఇటే మొగ్గుతోంది. సింకు బరువు కాదది, అలవాటు బరువు.

* * *

చప్పుడు పటంలో ఒక గడి ఇంకా ఖాళీగా ఉంది. పనిచేసే చోట. సంత రాయొచ్చు. కానీ ఊళ్ళో మిగిలిన నేతమిల్లు ఒక్కటుంది, అదీ ఎన్నాళ్ళుంటుందో తెలియదు. దాన్ని కొలవాలనిపించింది.

“నేనొస్తా,” అంది హెస్టర్. “నువ్వొక్కదానివే పోతే గేటు దగ్గరే ఆపేస్తారు. నా ముఖం చూస్తే లోపలికి పోనిస్తారు.”

హెస్టర్ ఆ మిల్లులో నేతపనిలోనే ముసలిదైంది. మేవిస్ కూడా బడి మానేశాక, తండ్రి కొట్టు చేతికి వచ్చేదాకా రెండేళ్ళు మగ్గాల దగ్గర నిలబడ్డదే. తలుపు తీయగానే చప్పుడు గోడలా వచ్చి తగిలింది. వరసలు వరసలుగా మగ్గాలు, నేల పాదాల కింద వణుకుతోంది. మీటరు తీసి పట్టుకుంటే సూది ఒక్క దూకులో అవతలి కొసకు పోయి అక్కడే అతుక్కుంది. దానికి ఇంకా పైకి పోవాలని ఉంది, చోటు లేదు.

అత్తగారిని చూసి మేవిస్ ఆశ్చర్యపోయింది. ఇంట్లో కుర్చీలో కునుకుతూ, ఎవరేమన్నా ఆ? ఆ? అని అడిగే మనిషి నడుం నిటారుగా నిలబడి ఉంది. నాలుగు మగ్గాల అవతల ఒక లావుపాటి నేతకత్తె చెయ్యెత్తి పెదవులు కదిపింది. హెస్టర్ పెదవులు కదిలాయి. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఒక్క అక్షరం బయటికి రాలేదు. మగ్గాల హోరులో నోటి మాట పనికిరాదని నేతకత్తెలు పెంచుకున్న పెదవుల భాష అది. ఊళ్ళో దాన్ని మీమా అంటారు. మేస్త్రీ వీపు వెనకే అతన్ని ఎంతైనా తిట్టుకోవచ్చు. బస్సులో ఆ వైపు ఒకరు, ఈ వైపు ఒకరు కూర్చుని మధ్యలోని మొగుళ్ళకు తెలియకుండా ఇంటి గుట్లన్నీ చెప్పుకోవచ్చు. మగవాళ్ళలో ఆ భాష తెలిసినవాళ్ళు తక్కువ. క్లిఫర్డ్‌కు ఒక్క ముక్క రాదు.

హెస్టర్ కోడలి వైపు తిరిగింది. పెదవులు పెద్దవి చేసి, చప్పుడు లేకుండా అడిగింది.

– ఏమంటోంది నీ సూది?

మేవిస్ పెదవులకు పాత అలవాటు తిరిగి రావడానికి ఒక్క క్షణం పట్టింది.

– ఇంతకంటే చెప్పడం నా వల్ల కాదంటోంది అత్తయ్యా. ఇంత చప్పుడులో రోజూ నిలబడితే చెవులు పోతాయని పుస్తకంలో ఉంది. మెల్లమెల్లగా, మనిషికి తెలియకుండా.

హెస్టర్ ఆ సూది వంక చాలాసేపు చూసింది. రాతిపలకలా మొండిగా ఉండే ఆ ముఖంలో ఏదో కదిలింది.

– మీ మామ చచ్చేదాకా నాకు పరాకు అనేవాడు. చెవుడు కాదు, పరాకు. మనసు పెట్టి వినవు అనేవాడు. డాక్టరు వయసన్నాడు. అప్పటికి నాకు నలభై నిండలేదు. ఇన్నాళ్ళకు ఒక డబ్బా నిజం చెప్పింది.

– వినపడక ఇంట్లో మీకు ఎంత కష్టమో.

– కష్టమేముంది? వినడం నేనెప్పుడో మానేశాను. చూస్తాను. చెవి పొరబడుతుందే, కన్ను పొరబడదు. ఎదురుగా నిలబడి పెదవి కదిపారా, ఒక్క అక్షరం పోనివ్వను. మగాళ్ళు మీసాల్లో గొణుగుతారు, అదొక్కటే చిక్కు. అదీ పెద్ద నష్టం కాదులే.

మేవిస్ నవ్వింది. ముసలామె ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

– ఆ యార్క్‌షైర్ బడిలో గిన్నెలు ఎవరు కడుగుతారు?

– ఎవరో. నేను మాత్రం కాదు. భోజనాలకు గంట కొడతారట. వెళ్ళి కూర్చుంటే చాలట.

– వెళ్ళి కూర్చుంటే చాలా, అంది హెస్టర్. అలా పెదవులు కదిపి, ఆ మాటనే నోట్లో ఒక మిఠాయిలా కాసేపు ఉంచుకుంది. మిల్లు బయటికి రాగానే మళ్ళీ ముసలిదైపోయి, “ఆ? ఏమన్నావు? గట్టిగా చెప్పు,” అంది.

* * *

ఆ శనివారం సాయంత్రం టీ వేళ మేవిస్ కప్పులు తుడిచి కొక్కేలకు తగిలిస్తోంది. క్లిఫర్డ్ పేపరులో గుర్రప్పందాల పేజీలో ఉన్నాడు. హెస్టర్ పొయ్యి పక్కన అల్లుతోంది.

“క్లిఫ్. నేను వేసవి తరగతులకు వెళ్తున్నాను,” అంది మేవిస్.

పేపరు కదల్లేదు. జానిస్ మీటరు వైపు చూసింది, తల్లి వైపు చూసింది. సూది కొసనే పడుకుని ఉంది.

“క్లిఫ్, నీతోనే.”

“ఆ? ఏమైనా అన్నావా?” అన్నాడు పేపరు వెనక నుంచి.

మేవిస్‌కు కోపం రాలేదు. ఒక వ్యాపారపు ఆలోచన వచ్చింది. ఇతను విననట్టు నటించడం లేదు. నిజంగానే వినపడలేదు. కొనేవాడికి వినపడని ధర చెప్పి కొనడం లేదని ఏడవడం ఏం బేరం? చేతిలో ఉన్న కప్పు బల్ల మీద పెట్టింది. సంతలో బల్ల ఎక్కే ముందు పీల్చినట్టు ఊపిరి పీల్చింది.

“నేను ఆ వారం చదువుకోవడానికి యార్క్‌షైర్ వెళ్తున్నాను క్లిఫర్డ్. మీరు బ్లాక్‌పూల్ వెళ్తున్నారు. తిరిగొచ్చాక సముద్రం ఎలా ఉందో చెప్పండి.”

కొక్కేలకున్న కప్పులు సన్నగా మోగాయి. పేపరు దిగింది. జానిస్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని సూదిని చూపించింది. అది తండ్రి దగ్గుని, నానమ్మ కాబేజీని, కెటిల్‌ని దాటి ఎక్కడో ఊగుతోంది.

“అరుస్తావేమిటి?” అన్నాడు క్లిఫర్డ్, బిత్తరపోయి.

“అరవడం లేదు. ఇన్నాళ్ళూ తగ్గించి అమ్మాను. ఇది అసలు ధర.”

క్లిఫర్డ్ చెడ్డవాడు కాదు. అలవాటైన చోట మెట్టు లేదని తెలిసిన మనిషిలా కాసేపు తడుముకున్నాడు. తల్లి వైపు చూశాడు. హెస్టర్ అల్లికలో కుట్లు లెక్కపెట్టుకుంటోంది, అసలే చెవిటి మనిషి. చివరికి అతనికి దొరికిన అభ్యంతరం ఒక్కటే.

“పోతే పోయావు, యార్క్‌షైరేనా దొరికింది? కొండకు ఇవతల చదువే లేనట్టు. మా ఆఫీసులో ఏమని చెప్పను?”

“జైల్లో వేశారని చెప్పు నాన్నా,” అంది జానిస్. “కాస్త పరువుగా ఉంటుంది.”

“మరి వంట?”

“ఆకలేస్తే వచ్చేస్తుంది,” అంది మేవిస్. “నాకలాగే వచ్చింది.”

* * *

వేక్స్ శనివారం పొద్దున స్టేషను తిరణాలలా ఉంది. ఇటు ప్లాట్‌ఫారం మీద ఊరంతా, బకెట్లు, తట్టలు, ఈత టోపీలు, బ్లాక్‌పూల్ రైలు. అటు ప్లాట్‌ఫారం మీద మేవిస్ ఒక్కతే, పెట్టె, పుస్తకాల సంచి, కొత్త కోటు. మీటరు సంచిలో ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క మనిషి బట్టలే పెట్టెలో సర్దడం ఆమెకు ఇదే మొదలు. పెట్టె ఎంత తేలికో చూసి, ఏదో మరిచిపోయానేమోనని రెండుసార్లు విప్పి చూసుకుంది.

క్లిఫర్డ్ రైలు కిటికీలోంచి సగం బయటికి వంగి ఏదో అరుస్తున్నాడు. ఇంజను హోరులో సగం మాటలే ఇటు చేరుతున్నాయి.

“...దుంపలు... ఎంతసేపు...”

“ఏమిటీ?”

“దుంపలు. ఎంతసేపు ఉడకాలి?”

మేవిస్ రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది. రెండు ప్లాట్‌ఫారాలు, మధ్యలో పట్టాలు, ఒక ఇంజను, ఊరు ఊరంతా.

“ఫోర్కు దిగేదాకా ఉడకబెట్టు క్లిఫ్. ఉప్పు ముందే వెయ్యి. నీళ్ళు వంచేటప్పుడు చెయ్యి కాల్చుకోకు.”

కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఎవరో ఈల వేశారు. “మాకూ చెప్పవమ్మా మేవిస్, మా ఆయన కూడా రాసుకుంటాడు,” అంది ఒకావిడ. క్లిఫర్డ్ చెవుల దాకా ఎర్రబడి, తర్వాత తనూ నవ్వాడు. గొంతు తగ్గించమని మాత్రం అనలేదు. ఆ గొంతు లేకపోతే దుంపల సంగతి తెలిసేది కాదు మరి.

రైలు కుదుపుతో కదిలింది. క్లిఫర్డ్ లోపలికి వాలాడు. అతని వెనక కిటికీ గాజులోంచి హెస్టర్ ముఖం కనిపించింది, మంచి టోపీ పెట్టుకుని, నడుం నిటారుగా, మిల్లులో నిలబడ్డట్టు. ఆవిడ ముందు కొడుకు వైపు ఒకసారి చూసుకుంది. అతను సీటు వెతుక్కుంటున్నాడు. అప్పుడు కోడలి వైపు తిరిగి, పెదవులు పెద్దవి చేసి, ఒక్కో మాట విడమరిచి, చప్పుడు లేకుండా చెప్పింది.

– చలికాలంలో సెలవుల గురించి నువ్వడిగింది, నాకు సరిగ్గానే అర్థమైందే పిల్లా.